వెలుగు హెచ్చుతగ్గులలో నక్షత్ర భ్రమణం

అతికొద్ది మినహాయింపులు తప్ప, ఎంత పెద్ద దూరదర్శినితో చూసినా నక్షత్రం ఒక బిందువుగానే కనిపిస్తుంది. ఆ బిందువుకు అంచులు కనిపించవు, ఉపరితలం మీద గుర్తులు కనిపించవు, అది తిరుగుతున్నదో నిలిచి ఉన్నదో చూపు చెప్పలేదు. అయినా వందల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న కొన్ని నక్షత్రాలు తమ అక్షం మీద ఒకసారి తిరగడానికి పట్టే సమయాన్ని ఖగోళ శాస్త్రజ్ఞులు సెకను తేడా రాకుండా చెప్పగలుగుతున్నారు. అటువంటి కొలతకు అన్నిటికంటే అనుకూలమైనవి అయస్కాంత క్షేత్రం గల వేడి నక్షత్రాలు. వాటి ప్రకాశంలోని అతి స్వల్పమైన హెచ్చుతగ్గులను అంతరిక్షం నుంచి కొలవడం వల్ల ఈ శాస్త్రానికి ఏమి సమకూరిందో, ఆ పద్ధతికి గల పరిమితి ఏమిటో, భూమి మీది పాత కొలతల అవసరం నేటికీ ఎందుకు తీరలేదో అన్నదే ఈ ప్రసంగంలోని విషయం.

సూర్యుని ఉపరితల ఉష్ణోగ్రత సుమారు 5,800 కెల్విన్ కాగా, వర్ణపటాన్ని బట్టి ఓ, బి, ఏ అనే తరగతులుగా విభజించిన వేడి నక్షత్రాలలో అది దాదాపు 7,500 కెల్విన్ దగ్గర మొదలై 40,000 కెల్విన్‌ను కూడా దాటుతుంది. సూర్యుని పై పొరలలో వేడి వాయువు పైకి లేచి, చల్లబడి, మళ్లీ కిందికి దిగే సంవహనం ఎడతెగక సాగుతుంటుంది; ఆ సంవహనమూ భ్రమణమూ కలిసి అయస్కాంత క్షేత్రాన్ని ఎప్పటికప్పుడు పుట్టిస్తూ, మారుస్తూ ఉంటాయి కనుకనే సౌరకళంకాలు కొద్ది రోజులకో కొన్ని వారాలకో మాయమవుతాయి. వేడి నక్షత్రాల ఉపరితలం కింద అంత లోతైన సంవహన పొర లేదు. అయినప్పటికీ వాటిలో దాదాపు పదింట ఒకదానికి బలమైన, క్రమబద్ధమైన అయస్కాంత క్షేత్రం ఉన్నట్లు పరిశీలనలు తేల్చాయి. ఈ క్షేత్రం నక్షత్రం పుట్టుక సమయంలోనో తొలి దశలలోనో ఏర్పడి, ఆ తర్వాత పెద్దగా రూపు మారకుండా నిలిచిపోయినదని ఎక్కువమంది శాస్త్రజ్ఞులు భావిస్తారు కాబట్టి దీనికి శిలాజ క్షేత్రమనే పేరు వచ్చింది. భూమి మీద దిక్సూచి ముల్లును తిప్పే క్షేత్రం సుమారు అర గాస్ మాత్రమే ఉండగా, ఈ నక్షత్రాలలో అది సాధారణంగా కొన్ని వందల నుంచి కొన్ని వేల గాస్‌ల వరకు ఉంటుంది. హెచ్‌డీ 215441 అనే నక్షత్రంలో 34,000 గాస్‌ల క్షేత్రం ఉన్నట్లు 1960లో వెల్లడయింది.

ఈ నక్షత్రాల విచిత్రం వాటి అయస్కాంతత్వం కంటే ముందే బయటపడింది. సప్తర్షి మండలపు తోకకు దక్షిణంగా, మామూలు కంటికే కనిపించే కోర్ కరోలి అనే జంటలో ఎక్కువ ప్రకాశవంతమైన నక్షత్రానికి ఆల్ఫా-2 కేనమ్ వెనాటికోరమ్ అని పేరు. దాని వర్ణపటం తన తరగతికి చెందిన ఇతర నక్షత్రాల వర్ణపటం వలె లేదని 1897లో హార్వర్డ్ పరిశీలనాలయానికి చెందిన ఆంటోనియా మోరీ గుర్తించారు. ఆ వర్ణపటంలోని కొన్ని రేఖలు సుమారు ఐదున్నర రోజులకు ఒకసారి బలపడుతూ, తిరిగి బలహీనపడుతూ ఉన్నాయని 1913లో రష్యాకు చెందిన బెలోపోల్‌స్కీ చూపగా, ఆ మరుసటి సంవత్సరమే గుత్నిక్, ప్రాగర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు దాని ప్రకాశం కూడా అదే కాలవ్యవధితో మారుతున్నదని కనుగొన్నారు. మూలకారణం మాత్రం మరికొన్ని దశాబ్దాల వరకు దొరకలేదు. అయస్కాంత క్షేత్రంలో వెలువడే కాంతి వర్ణపట రేఖ చీలిపోతుందని, చీలిన భాగాలు వేర్వేరు తీరుగా ధ్రువణం చెందుతాయని 1896లో జీమన్ కనుగొన్న సూత్రాన్ని హొరేస్ బాబ్‌కాక్ నక్షత్రాలకు అన్వయించి, కన్యా రాశిలోని 78 వర్జినిస్ నక్షత్రంలో అయస్కాంత క్షేత్రం ఉన్నదని 1947లో ప్రకటించారు. సూర్యుడు కాక మరో నక్షత్రంలో అయస్కాంత క్షేత్రాన్ని కొలవడం అదే మొదటిసారి.

వర్ణపటం, ప్రకాశం, అయస్కాంత క్షేత్రం మూడూ ఒకే కాలంతో ఎందుకు మారుతున్నాయనే ప్రశ్నకు 1950లో స్టిబ్స్ వివరించిన నమూనా సమాధానమైంది. దాని ప్రకారం నక్షత్రపు అయస్కాంత అక్షం, భ్రమణ అక్షం ఒకే దిశలో ఉండవు. ఒకదానికొకటి వాలి ఉంటాయి. అందువల్ల నక్షత్రం తిరుగుతున్నప్పుడు ఒక అయస్కాంత ధ్రువం పరిశీలకుని వైపు వస్తుంది, తర్వాత తొలగిపోతుంది, కొన్ని నక్షత్రాలలో రెండో ధ్రువం దాని చోటికి వస్తుంది. క్షేత్రం నిజానికి మారకపోయినా, భూమి నుంచి కొలిచినప్పుడు మారినట్లు కనిపించేది ఇందువల్లనే. దీనినే వాలు భ్రమణ నమూనా అనవచ్చు.

ప్రకాశం మారడానికి కారణం ఉపరితలం మీది రసాయన మచ్చలు. సంవహనపు అలజడి లేని ప్రశాంతమైన పై పొరలలో, కాంతి ఒత్తిడి కొన్ని మూలకాలను పైకి నెడుతుంటే గురుత్వాకర్షణ మరికొన్నిటిని కిందికి లాగుతుందని 1970లో మిషో సిద్ధాంతీకరించారు. ఈ వేర్పాటును అయస్కాంత క్షేత్రం దారి మళ్లించడం వల్ల సిలికాన్, క్రోమియం, ఇనుము, యూరోపియం వంటి మూలకాలు కొన్ని ప్రాంతాలలో మామూలుకంటే ఎన్నో రెట్లు పోగుపడతాయి. కుమ్మరి సారె అంచున సున్నపు చుక్క ఒకటి పెట్టి, అది ఒకే చోటును దాటిపోయే వేళలను గుర్తించినట్లయితే సారె తిరిగే వేగం తెలిసినట్లే, ఈ మచ్చలు కనుచూపులోకి వచ్చిపోయే వేళలను బట్టి నక్షత్రపు భ్రమణ కాలం తెలుస్తుంది. సౌరకళంకాల వలె ఇవి చెరిగిపోవు. దశాబ్దాలు గడిచినా అదే చోట, అదే ఆకారంలో నిలిచి ఉంటాయి. భ్రమణ గణనకు ఈ నక్షత్రాలు ఇంతగా అనుకూలించడానికి ఆ స్థిరత్వమే ఆధారం.

ఈ మచ్చలు సౌరకళంకాల వలె చల్లగా, నల్లగా ఉండే ప్రాంతాలు కావనే సంగతి అంతరిక్ష పరిశీలనల వల్లనే స్పష్టమైంది. పోగుపడిన మూలకాలు అతినీలలోహిత కాంతిని ఎక్కువగా పీల్చుకుని, ఆ శక్తిని దృశ్య కాంతి రూపంలో తిరిగి వెలువరిస్తాయి. అందుచేత అతినీలలోహితంలో మసకగా ఉండే మచ్చ దృశ్య కాంతిలో కాంతివంతంగా కనిపిస్తుంది. భూవాతావరణం అతినీలలోహిత కాంతిని చాలావరకు అడ్డుకుంటుంది కాబట్టి ఈ వ్యత్యాసాన్ని నేల మీది నుంచి చూడడం సాధ్యం కాలేదు. 1968 డిసెంబరులో అమెరికా ప్రయోగించిన ఓఏఓ-2 ఉపగ్రహం ఆల్ఫా-2 కేనమ్ వెనాటికోరమ్‌ను పరిశీలించినప్పుడు, దృశ్య కాంతిలో ప్రకాశం పెరిగే వేళకు దూర అతినీలలోహితంలో తగ్గుతున్నదని తేలింది.

నేల మీది కొలతలకు వాతావరణంతో పాటు మరో అడ్డంకి కూడా ఉంది. ఈ నక్షత్రాలలో ప్రకాశపు మార్పు అనేక సందర్భాలలో నూటికి ఒకటి రెండు వంతులు, కొన్నిటిలో వెయ్యికి ఒక వంతు మాత్రమే ఉంటుంది. గాలి పొరల కదలిక వల్ల కలిగే మినుకుమినుకులో అంత చిన్న మార్పు కలిసిపోతుంది. అంతకంటే చిక్కైనది పగటి విరామం. ఒక పరిశీలనాలయం రాత్రి మాత్రమే, అదీ దాదాపు ఒకే గంటలలో, నక్షత్రాన్ని చూడగలదు కనుక రెండు చూపుల మధ్య నక్షత్రం ఎన్నిసార్లు తిరిగిందో నిశ్చయంగా చెప్పలేదు. ఉదాహరణకు, 1.19 రోజులకు ఒకసారి తిరిగే నక్షత్రాన్ని ప్రతి రాత్రీ ఒకే సమయానికి చూస్తే, అది 6.26 రోజులకు ఒకసారి తిరుగుతున్నట్లు చూపే లెక్క కూడా ఆ కొలతలకు అంతే చక్కగా సరిపోతుంది. ఇటువంటి మారు కాలాల నుంచి అసలు కాలాన్ని వేరు చేయాలంటే వేర్వేరు దేశాల పరిశీలనాలయాలు వంతులవారీగా చూడాలి, లేదా సూర్యోదయాలు అడ్డుపడని చోటు నుంచి చూడాలి.

అటువంటి చోటు అంతరిక్షమే అయినా, అక్కడికి చేరిన తొలి పరికరాలలో ఒకటి ఈ పని కోసం తయారైనది కాదు. 1999లో ప్రయోగించిన వైర్ అనే ఉపగ్రహం శీతలీకరణ పదార్థాన్ని కోల్పోయి తన అసలు లక్ష్యానికి పనికిరాకుండా పోగా, దిశను గుర్తించడానికి దానిలో అమర్చిన 52 మిల్లీమీటర్ల చిన్న దూరదర్శినిని శాస్త్రజ్ఞులు ప్రకాశ కొలతలకు ఉపయోగించారు. దక్షిణాకాశంలోని ఆల్ఫా సర్సినై నక్షత్రాన్ని అది 84 రోజుల పాటు పరిశీలించింది. ఆ నక్షత్రం 6.8 నిమిషాలకు ఒకసారి స్పందిస్తూ, అంటే కంపిస్తూ ఉంటుంది. స్పందన అక్షం అయస్కాంత అక్షానికి దగ్గరగా ఉండడం వల్ల, నక్షత్రం తిరుగుతున్న కొద్దీ స్పందనల బలం హెచ్చి తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గుల నుంచి దాని భ్రమణ కాలం 4.479 రోజులని అంతకుముందే నేల మీది పరిశీలనలు లెక్కగట్టాయి. వైర్ కొలతలలో ఆ నక్షత్రపు మచ్చల వల్ల కలిగే మార్పు మొదటిసారి నేరుగా కనిపించింది. దాని కాలం కూడా 4.479 రోజులే. రెండు వేర్వేరు మార్గాలు ఒకే అంకెకు చేరడం వల్ల వాలు భ్రమణ నమూనాకు, దాని మీద ఆధారపడిన స్పందన సిద్ధాంతానికి గట్టి బలం చేకూరింది.

2003లో కెనడా ప్రయోగించిన, 15 సెంటీమీటర్ల దూరదర్శిని గల మోస్ట్ ఉపగ్రహం ఈ దారిలో తర్వాతి అడుగు. ఆ తర్వాత వచ్చిన బ్రైట్ అనే ఉపగ్రహ సమూహానికి తెలుగు నేలతో నేరుగా సంబంధం ఉంది. ఆస్ట్రియా, కెనడా, పోలండ్ దేశాలు కలిసి రూపొందించిన ఈ సమూహంలోని తొలి రెండు ఉపగ్రహాలు 2013 ఫిబ్రవరి 25న, అప్పటి నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ20 రాకెట్ మీద కక్ష్యకు చేరాయి. ఒక్కొక్కటి 20 సెంటీమీటర్ల ఘనాకారంలో, సుమారు 7 కిలోల బరువుతో ఉంటుంది. దానిలోని దూరదర్శిని వ్యాసం 3 సెంటీమీటర్లు. మొదటి రెండింటిలో ఒకటి నీలి కాంతిని, మరొకటి ఎరుపు కాంతిని కొలిచేటట్లు అమర్చారు. రసాయన మచ్చ ఒక్కో రంగులో ఒక్కో తీరుగా కనిపిస్తుంది కాబట్టి, రెండు రంగులలో విడివిడిగా కొలవడం వల్ల మార్పుకు కారణం మచ్చా, స్పందనా, మరొకటా అన్నది తేల్చడానికి వీలు కలుగుతుంది. పెద్ద దూరదర్శినుల గ్రాహకాలకు మితిమీరిన కాంతివంతమైన నక్షత్రాలను చూడడానికి ఇంత చిన్న కన్నే తగినది.

అన్నిటికంటే విస్తారమైన కొలతలు అందించినది 2018 ఏప్రిల్ 18న అమెరికా ప్రయోగించిన టెస్ ఉపగ్రహం. ఇతర నక్షత్రాల ముందు నుంచి గ్రహాలు దాటినప్పుడు కలిగే మసకను పట్టుకోవడం దాని అసలు లక్ష్యమే అయినా, అంత సున్నితమైన కొలత మచ్చల నక్షత్రాలకూ సరిపోయింది. 10.5 సెంటీమీటర్ల కటకాలు గల నాలుగు కెమెరాలు కలిసి ఆకాశంలో 24 డిగ్రీల వెడల్పు, 96 డిగ్రీల పొడవు గల పట్టీని ఒక్కసారిగా చూస్తాయి. ప్రతి పట్టీని, అంటే సెక్టార్‌ను, సుమారు 27 రోజులు పరిశీలించి తర్వాతి దానికి మళ్లుతాయి. ఎంపిక చేసిన నక్షత్రాలకు ప్రతి 2 నిమిషాలకు ఒక కొలత లభిస్తుంది. సెక్టార్లు ఒకదాని మీద ఒకటి వచ్చే క్రాంతివృత్త ధ్రువాల దగ్గర కొన్ని నక్షత్రాలు దాదాపు ఏడాది పొడవునా చూపులో ఉంటాయి. మాబ్‌స్టర్ అనే అంతర్జాతీయ పరిశోధక బృందం మొదటి నాలుగు సెక్టార్ల కొలతల నుంచే ‘ఏ’ తరగతి నక్షత్రాలలో వందకు పైగా భ్రమణ మార్పులు చూపేవాటిని 2019లో గుర్తించింది.

కొలతల వరుస చేతికి వచ్చాక భ్రమణ కాలాన్ని రాబట్టే పని మొదలవుతుంది. ప్రకాశపు మార్పులో ఏ పౌనఃపున్యాలు దాగి ఉన్నాయో గణితపరంగా వెతికినప్పుడు, భ్రమణం వల్ల కలిగే మార్పు ఒక మూల పౌనఃపున్యంగా, దానికి సరిగ్గా రెండు, మూడు రెట్లుగా ఉండే గుణిజాలుగా బయటపడుతుంది. స్పందనల పౌనఃపున్యాలు సాధారణంగా ఇటువంటి వరుసకు లోబడవు. అయినా పొరపాటుకు తావు ఉంది. ఎదురెదురు దిక్కులలో రెండు సమానమైన మచ్చలు ఉన్న నక్షత్రం ఒక భ్రమణంలో రెండుసార్లు కాంతివంతమవుతుంది కనుక, అసలు కాలంలో సగాన్నే పూర్తి కాలమని భ్రమించవచ్చు. టెస్ కెమెరాలో ఒక్కో పిక్సెల్ ఆకాశంలో 21 ఆర్క్ సెకన్ల చోటును కప్పుతుంది కాబట్టి పక్కనున్న నక్షత్రపు మార్పు కూడా లెక్కలోకి చొరబడవచ్చు. అందువల్ల ప్రకాశం నుంచి వచ్చిన కాలాన్ని హవాయి దీవులలోని మౌనా కియా, ఫ్రాన్స్‌లోని పిక్ దు మిదీ వంటి శిఖరాల మీద ధ్రువణాన్ని కొలిచే వర్ణపటమాపకాలతో సరిచూడడం ఆనవాయితీ అయింది. అయస్కాంత క్షేత్రపు కొలతలను ఆ కాలానుసారం వరుసలో పేర్చినప్పుడు అవి ఒకే నునుపైన వక్రరేఖ మీద కుదిరితేనే ఆ కాలం నిజమైన భ్రమణ కాలమని అంగీకరిస్తారు.

కాలం ఖచ్చితంగా తెలిస్తే దాని నుంచి చాలా విషయాలు తెలుస్తాయి. సూర్యునికంటే 3 రెట్లు వ్యాసార్ధం గల నక్షత్రం 3 రోజులకు ఒకసారి తిరిగితే దాని మధ్యరేఖ మీద వేగం సెకనుకు సుమారు 50 కిలోమీటర్లు ఉండాలి. వర్ణపట రేఖల వెడల్పు నుంచి కొలిచిన వేగం అంతకంటే తక్కువగా ఉంటే, భ్రమణ అక్షం పరిశీలకుని వైపు ఏ మేరకు వాలి ఉన్నదో ఆ తేడా చెబుతుంది. అక్షపు వాలు తెలిసిన తర్వాత అయస్కాంత అక్షపు దిశ, ధ్రువాల దగ్గర క్షేత్ర బలం వరుసగా తెలుస్తాయి. పుణె సమీపంలోని జీఎంఆర్‌టీ రేడియో దూరదర్శినితో భారతీయ శాస్త్రజ్ఞులు ఇటువంటి అనేక నక్షత్రాల నుంచి వెలువడే రేడియో స్పందాలను కనుగొన్నారు. అయస్కాంత మధ్యరేఖ చూపు రేఖను దాటే వేళలకు దగ్గరగా వచ్చే ఆ స్పందాలను ఎప్పుడు ఎదురుచూడాలో తెలియాలన్నా ముందు భ్రమణ కాలం సరిగ్గా తెలిసి ఉండాలి.

భ్రమణ కాలం స్థిరంగా ఉండేది కూడా కాదు. వేడి నక్షత్రం నుంచి వెలువడే పదార్థపు గాలి అయస్కాంత రేఖలకు చిక్కుకుని నక్షత్రంతో పాటు తిరుగుతూ, దూరంగా వెళ్లేటప్పుడు నక్షత్రపు కోణీయ ద్రవ్యవేగంలో కొంత తీసుకుపోతుంది. అందువల్ల నక్షత్రం క్రమంగా నెమ్మదిస్తుంది. ఓరియన్ రాశి నడుములో ఒకే వరుసలో మెరిసే మూడు చుక్కల చెంత ఉన్న సిగ్మా ఓరియానిస్-ఈ అనే నక్షత్రం దీనికి చక్కని నిదర్శనం. దాని భ్రమణ కాలం 1.19 రోజులు. ఆ నక్షత్రపు అయస్కాంత క్షేత్రంలో చిక్కిన వాయు మేఘాలు దానితో పాటే తిరుగుతూ ఒక్కో భ్రమణంలో రెండుసార్లు దానిని మరుగు పరుస్తాయి. 2007లో మోస్ట్ దానిని సుమారు మూడు వారాలు ఎడతెరిపి లేకుండా చూసినా, ఆ మేఘాలు ఒక్కసారిగా తెగి బయటికి విసిరివేయబడిన జాడ దొరకలేదు. 1970ల నాటి కొలతలతో కొత్త కొలతలను పోల్చిన టౌన్‌సెండ్ బృందం, దాని భ్రమణ కాలం ఏడాదికి 77 మిల్లీసెకన్ల చొప్పున పెరుగుతున్నదని 2010లో ప్రకటించింది. ఒక్క భ్రమణానికి లెక్కిస్తే ఆ పెరుగుదల సెకనులో నాలుగు వేలవ వంతు మాత్రమే. దానిని ఏ ఉపగ్రహమూ 27 రోజులలో పట్టుకోలేదు. కానీ 30 ఏళ్లలో ఆ నక్షత్రం 9,200 సార్లు తిరుగుతుంది, ప్రతి భ్రమణపు ఆలస్యమూ ముందటి ఆలస్యాలతో కలిసి పేరుకుంటుంది; చివరికి మరుగు పడే వేళ పాత లెక్క చెప్పినదానికంటే దాదాపు 3 గంటలు వెనుకబడుతుంది. మూడు గంటల తేడా సామాన్యమైన పరికరానికి కూడా కనిపిస్తుంది.

అన్ని నక్షత్రాలూ ఇంత క్రమంగా నెమ్మదించవు. దాదాపు 12.5 గంటలకు ఒకసారి తిరిగే సీయూ వర్జినిస్ భ్రమణ కాలం కొన్ని దశాబ్దాల పాటు పెరిగి, తర్వాత తగ్గుముఖం పట్టింది. గాలి వల్ల కలిగే నిరోధం నక్షత్రాన్ని నెమ్మదింపజేయగలదే కాని దాని వేగాన్ని పెంచలేదు కాబట్టి, నక్షత్రపు పై పొరలకు, లోపలి భాగానికి మధ్య అయస్కాంత రేఖలు మెలిపడి విడివడే ఊగిసలాట జరుగుతున్నదేమోనని కొందరు శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. వెలుగు హెచ్చుతగ్గుల వేళలు నక్షత్రపు లోపలి నిర్మాణం గురించి ప్రశ్నలు లేవనెత్తే స్థితికి ఈ విధంగా చేరాయి.

మరో కొసన, అతి నెమ్మదిగా తిరిగేవి ఉన్నాయి. హెచ్‌డీ 108 అనే ‘ఓ’ తరగతి నక్షత్రానికి ఒక భ్రమణానికి సుమారు 50 సంవత్సరాలు, గామా ఈక్వులై నక్షత్రానికి దాదాపు ఒక శతాబ్దం పడుతుందని అంచనా. 27 రోజుల సెక్టార్‌లో కనీసం రెండు భ్రమణాలు పూర్తయితేనే కాలం నమ్మకంగా తెలుస్తుంది కనుక, ఒక్క సెక్టార్‌తో సుమారు 14 రోజులకు మించిన కాలాలు చిక్కవు. అయితే ఈ లోపాన్నే శాస్త్రజ్ఞులు సాధనంగా మలచుకున్నారు. మచ్చలు ఉండవలసిన రసాయన లక్షణాలు గల నక్షత్రం టెస్ కొలతలలో ఏ మార్పూ చూపకపోతే, అది అతి నెమ్మదిగా తిరిగేదో, దాని అక్షం సరిగ్గా భూమి వైపు గురిపెట్టి ఉన్నదో, రెండు అక్షాలూ ఒకటైనదో కావాలి. వర్ణపట రేఖలు కూడా సన్నగా ఉంటే అది నెమ్మదిగా తిరిగేదనే అనుమానం బలపడుతుంది. మతీస్, ఆయన సహచరులు 2020లో ఈ పద్ధతిలో దక్షిణాకాశం నుంచి సుమారు 60 నక్షత్రాల జాబితాను రూపొందించారు. వాటి కాలాలను కొలిచే పని మాత్రం ఏళ్ల తరబడి అయస్కాంత క్షేత్రాన్ని గమనించే నేల మీది దూరదర్శినులదే.

ఒకే జాతి నక్షత్రాలలో అర రోజు నుంచి శతాబ్దం వరకు వ్యాపించిన భ్రమణ కాలాలను ఏ ఒక్క పరికరమూ కొలవలేదు. వెయ్యికి ఒక వంతు మార్పును పగటి విరామం లేకుండా పట్టుకోవడంలో ఉపగ్రహానికి సాటి లేదు; కానీ ఆ కాలం పెరుగుతున్నదో, తరుగుతున్నదో చెప్పడానికి దశాబ్దాల క్రితం ఎవరో వేళ తప్పకుండా నమోదు చేసి పెట్టిన అంకెలు కావాలి. అందుచేత పాత పరిశీలనాలయాల కాంతివిద్యుత్ నమోదులను భద్రపరచడం కొత్త ఉపగ్రహాన్ని ప్రయోగించడమంత అవసరమైన శాస్త్రీయ కార్యం. అదే తర్కం ప్రకారం, నేడు ఉపగ్రహాలు నమోదు చేస్తున్న వేళల పూర్తి విలువ మరో అర్ధ శతాబ్దం తర్వాత వాటితో తమ కొలతలను పోల్చి చూసే శాస్త్రజ్ఞులకు అందుతుంది.